లెన్సు ముందు, కెమెరా తర్వాత: రేంజ్‌ఫైండర్ కొనదలచినవారికి

సంపాదకులు గారికి,

నమస్కారం. విజయవాడ, గుంటూరు పట్టణాల్లో కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీయువకులు మళ్ళీ ఫిలిం కెమెరాల కోసం వెతుకుతున్న సంగతి మీ పాఠకుల్లో చాలామంది గమనించే ఉంటారు. గుంటూరు బ్రాడీపేటలో చాలాకాలం స్టూడియో నడిపి, ఇప్పుడు ఆ పనిని పిల్లలకు అప్పగించిన నా దగ్గరకు కూడా కొందరు సలహా కోసం వస్తున్నారు. వారిలో ఎక్కువమంది మనసు రేంజ్‌ఫైండర్ మీద ఉంది. ఏ కంపెనీ కెమెరా కొనాలి, లైకా తప్ప మిగిలినవి దండగేనా అని వారు అడుగుతుంటే, ఈ ఎంపికను మొదలుపెట్టవలసిన చోటు వేరే ఉందని నలుగురికీ చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

రేంజ్‌ఫైండర్ సంగతి తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. ఎస్సెల్లార్ కెమెరాలో మనం లోపలి అద్దం సాయంతో లెన్సు గుండానే చూస్తాం. మీట నొక్కగానే అద్దం పైకి లేచి, ఆ క్షణం కంటికి ఏమీ కనిపించదు. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దం ఉండదు. లెన్సుతో నిమిత్తం లేని ఒక కిటికీ గుండా చూస్తాం. కిటికీ మధ్యలో కాస్త వెలుగుగా ఒక చిన్న గడి ఉంటుంది. కొంచెం ఎడంగా ఉన్న రెండో కిటికీ నుంచి వచ్చే బింబం ఆ గడిలో పడుతుంది. లెన్సును తిప్పుతున్నకొద్దీ ఆ బింబం పక్కకు జరిగి, అసలు బింబంతో కలిసిన చోట ఫోకసు కుదురుతుంది. లైకా కెమెరాల్లో ఈ ఏర్పాటు 1932 నుంచీ లెన్సుకు అనుసంధానమై ఉంది. అద్దం లేదు కాబట్టి చప్పుడూ అదురూ తక్కువ. చేయి నిలకడగా ఉన్నవారు సెకనులో ముప్పయ్యో వంతు షట్టరు (ఫిలిం మీదకు వెలుతురును వదిలే తెర) వేగంతో, ఒక్కోసారి పదిహేనో వంతుతో కూడా స్టాండు లేకుండా తీయగలరు. బొమ్మ హద్దులను చూపే ఫ్రేము గీతలకు బయట జరుగుతున్నది కూడా కంటికి కనిపిస్తుంది కాబట్టి బొమ్మలోకి ఎవరు నడిచి వస్తున్నారో ముందే తెలుస్తుంది.

అదే నిర్మాణం వల్ల కొన్ని పనులకు ఈ కెమెరా పనికిరాదు. సాధారణంగా దీని లెన్సులు మీటరు కంటే, లేదా 70 సెంటీమీటర్ల కంటే దగ్గరకు ఫోకసు కావు. దూరపు వస్తువులను దగ్గరగా చూపే, 135 మి.మీ. దాటిన లెన్సులు దీనికి కుదరవు. ఉప్పలపాడు చెరువులో కొంగలను తీయాలనుకునేవారు, పువ్వులనూ పురుగులనూ దగ్గరగా తీయాలనుకునేవారు ఎస్సెల్లార్ కొనుక్కోవడమే మంచిది. మనుషులను, వీధులను, పెళ్ళిళ్ళను, జాతరలను దగ్గర నుంచి తీసేవారికి మాత్రం రేంజ్‌ఫైండర్‌తో కుదిరే పని మరొక దానితో అంతగా కుదరదని నా గట్టి నమ్మకం. ఫ్రెంచి ఫొటోగ్రాఫరు ఆన్రీ కార్టియే బ్రెసాన్ 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీజీని ఆఖరి రోజుల్లో తీసినప్పుడూ, ఆ తర్వాత అంత్యయాత్రను తీసినప్పుడూ ఆయన పని సాగింది చిన్న లైకాతోనే. ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఒక్క 50 మి.మీ. లెన్సునే నమ్ముకున్నారు.

అందుకే మొదట తేల్చుకోవలసింది లెన్సు. అది కూడా దాని పేరూ ధరా కాదు, మన చూపుకు ఎంత వెడల్పు కావాలన్నది. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. చీర పెట్టె అట్ట ఒకటి తీసుకుని, దాని మధ్యలో 18 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కన్నం కత్తిరించాలి. ఫిలిం మీద పడే బొమ్మ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది కాబట్టి ఈ కన్నం దానికి సరిగ్గా అయిదింతలు. ఆ అట్టను కంటికి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఒంటికన్నుతో చూస్తే 50 మి.మీ. లెన్సు చూసేదే కనిపిస్తుంది. పదిహేడున్నర సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 35 మి.మీ. లెన్సు చూపు, 45 సెంటీమీటర్ల దూరంలో 90 మి.మీ. చూపు. ఈ అట్టతో కొన్నాళ్ళు విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనూ, బీసెంట్ రోడ్డులోనూ, సొంత ఇంటి వంటగదిలోనూ తిరగమని నా దగ్గరకు వచ్చిన పిల్లలందరికీ చెబుతున్నాను. మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద 50 మి.మీ. లెన్సు రెండు మీటర్ల పైచిలుకు వెడల్పును చూస్తే, 35 మి.మీ. మూడు మీటర్ల పైచిలుకు చూస్తుంది. సందుల్లో, చిన్న గదుల్లో తిరిగేవారికి ఈ మీటరు తేడాయే పెద్దది. మనిషి ముఖాన్నీ చేతులనూ చుట్టుపక్కల గందరగోళం నుంచి విడదీసి చూసే అలవాటు ఉన్నవారికి 50 హాయిగా ఉంటుంది. చూపు ఏదో తేలిన తర్వాత గాని కెమెరా బేరం మొదలుపెట్టకూడదు.

ఎందుకంటే రేంజ్‌ఫైండర్ బాడీలన్నీ అన్ని లెన్సుల ఫ్రేములనూ చూపించవు. 1954లో వచ్చిన లైకా ఎం3 కిటికీలో 50, 90, 135 గీతలే ఉంటాయి. దాని కిటికీ బింబాన్ని 0.91 వంతు పరిమాణంలో చూపుతుంది కాబట్టి 50 మి.మీ. వాడేవారికి ఇప్పటికీ అంత సుఖమైన కిటికీ అరుదు. కాని 35 మి.మీ. లెన్సు వాడదలచినవారు దాన్ని కొంటే పైన వేరే వ్యూఫైండర్ తగిలించుకోవలసిందే. 1957 నాటి ఎం2లో బింబం 0.72 వంతుకు తగ్గింది, 35 గీత వచ్చింది. 1984లో వచ్చిన ఎం6లో 28 నుంచి 135 దాకా ఆరు గీతలు రెండేసి చొప్పున వెలుగుతాయి, లోపల వెలుతురు కొలిచే మీటరు కూడా ఉంది. అయితే కళ్ళద్దాలు పెట్టుకునేవారికి 0.72 కిటికీలో 28 గీత అంచులు ఒక్క చూపులో కనిపించడం కష్టం. దుకాణంలో నిలబడి కళ్ళద్దాలతోనే చూసి తేల్చుకోవాలి. పాత కెమెరాల కంటి దగ్గరి లోహపు అంచు అద్దాల మీద గీతలు పెడుతుంది, దానికి రబ్బరు చుట్టు వేయించుకోవాలి.

లైకాకు లక్షలు పెట్టలేనివారు నిరాశపడనవసరం లేదు. 1959 ప్రాంతంలో అమ్మకానికి వచ్చిన కేనన్ పి కిటికీ బింబాన్ని ఉన్నంత పరిమాణంలోనే చూపుతుంది. రెండు కళ్ళూ తెరిచి ఉంచి తీయవచ్చు. అందులో 35, 50, 100 గీతలు మూడూ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. ఆ గీతల రద్దీ కొందరికి నచ్చదు, అలవాటైన తర్వాత అది పెద్ద ఇబ్బంది కాదు. జపానుకు చెందిన కొసీనా సంస్థ వాయ్‌గ్ట్‌ల్యాండర్ పేరుతో 2000 నుంచి చేసిన బెస్సా వరుసలో ఒక్కో మోడలు ఒక్కో చూపు కోసం తయారైంది: ఆర్2ఎ 35 మి.మీ. వారికి, బింబాన్ని ఉన్నంత పరిమాణంలో చూపే ఆర్3ఎ 40, 50 మి.మీ. వారికి, ఆర్4 అంతకన్నా వెడల్పు లెన్సులవారికి. కెమెరా పేరు కంటే ఈ అంకెలే ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

తర్వాతి సంగతి ఎపర్చరు, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం. ఎఫ్ పక్కన అంకె తగ్గినకొద్దీ ఆ రంధ్రం పెద్దదవుతుంది. మన పిల్లలందరూ ఎఫ్ 1.4 కావాలంటున్నారు, దానికోసం రెట్టింపు ధర పెట్టడానికి సిద్ధపడుతున్నారు. మన ఎండలో లెక్క వేసి చూద్దాం. 400 స్పీడు ఫిలిం (స్పీడు అంకె పెరిగినకొద్దీ ఫిలింకు తక్కువ వెలుతురు చాలు) వేసినప్పుడు మిట్టమధ్యాహ్నపు ఎండకు సెకనులో అయిదు వందలో వంతు వేగమూ, ఎఫ్ 16 ఎపర్చరూ కావాలి. పాత కెమెరాల్లో చాలావాటికి గరిష్ఠ వేగం వెయ్యో వంతు. అక్కడికి వెళ్ళినా ఎఫ్ 11 కంటే తెరవలేము. 100 స్పీడు ఫిలింతో అదే వేగానికి ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతాం. అంటే పగలంతా ఆ ఎఫ్ 1.4 లెన్సు ఎఫ్ 2 లెన్సు చేసే పనే చేస్తుంది. రాత్రి ఇంట్లో మామూలు దీపాల వెలుతురులో 400 స్పీడు ఫిలింకు ఎఫ్ 2 దగ్గర ముప్పయ్యో వంతు వేగం దొరుకుతుంది, అది ఈ కెమెరా చేతిలో నిలిచే వేగమే. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి దారి పొడవునా వెలిగే దీపాలకు అంత కూడా అక్కరలేదు. ఎఫ్ 2 గాని, ఎఫ్ 2.5 గాని ఉన్న లెన్సు చిన్నది, తేలిక, కిటికీకి అడ్డు రాదు, పైగా ధర తక్కువ.

పెద్ద ఎపర్చరుకు ఇంకొక చిక్కు ఉంది. ఎపర్చరు తెరిచినకొద్దీ స్పష్టంగా పడే లోతు తగ్గుతుంది కాబట్టి ఫోకసు మరింత నిక్కచ్చిగా కుదరాలి. రెండు కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే ఫోకసు అంత నిక్కచ్చిగా కుదురుతుంది. ఆ ఎడాన్ని బింబ పరిమాణంతో గుణిస్తే వచ్చే అంకెయే ఆ కెమెరా శక్తి. లైకా ఎం3లో అది సుమారు 62 మి.మీ., 0.72 లైకాల్లో సుమారు 50, జైస్ ఐకాన్‌లో 55 పైచిలుకు. బెస్సా ఆర్2లో సుమారు 26. మినోల్టా తయారుచేసిన 1973 నాటి చిన్న లైకా సీఎల్‌లో 19 కూడా లేదు. బెస్సాకు 35 మి.మీ. ఎఫ్ 2.5 కలర్ స్కోపార్ లెన్సు తగిలిస్తే అది ఎంతో చక్కని జోడీ; దానికే 90 మి.మీ. ఎఫ్ 2 తగిలించి దగ్గరి ముఖాలు తీస్తే ఫోకసు కంటి మీద పడిందో చెవి మీద పడిందో రీలు కడిగిన తర్వాత గాని తెలియదు.

లెన్సులు బిగించే పద్ధతుల గురించి కూడా కొంత చెప్పాలి. 39 మి.మీ. మర పద్ధతిలోని పాత లెన్సులన్నీ ఒక మిల్లీమీటరు మందం గల రింగు సాయంతో లైకా ఎం బాడీల మీద, ఎం పద్ధతి బెస్సాల మీద సరిగ్గా కూర్చుంటాయి. ఆ రింగుల్లో మూడు రకాలున్నాయి, ఎం6 వంటి లైకాల్లో ఏది వేస్తే కిటికీలో దానికి తగ్గ జత గీతలు వెలుగుతాయి. కాబట్టి లెన్సుకు తగ్గ రింగు అడిగి తీసుకోవాలి. దీనికి తిరుగుదారి లేదు: ఎం లెన్సు మర బాడీ మీద కూర్చోదు. సోవియట్ దేశంలో తయారైన జోర్కీ 4, ఫెడ్ కెమెరాలు ఇప్పటికీ చౌకగా దొరుకుతాయి. వాటితో వచ్చే జూపిటర్ 8 లెన్సు జర్మనీ కంపెనీ జైస్ వారి పాత సోనార్ లెన్సు నమూనాలో చేసింది, ముఖాలను మృదువుగా చూపుతుంది. ఆ లెన్సును లైకాకో కేనన్‌కో తగిలించినప్పుడు, ఎపర్చరు పూర్తిగా తెరిచి దగ్గరి దూరాల్లో తీస్తే ఫోకసు కాస్త తప్పే అవకాశం ఉంది. దాన్ని దాని సొంత బాడీ మీదే వాడుకోవడం మేలు. జోర్కీ వాడేవారు షట్టరు ఎక్కించిన తర్వాతే, అంటే ఫిలిం తిప్పిన తర్వాతే, వేగం మార్చాలి, ముందు మారిస్తే లోపలి యంత్రం దెబ్బతింటుంది.

మన ఇళ్ళ బీరువాల్లో లెన్సు విడదీయడానికి వీల్లేని రేంజ్‌ఫైండర్లు ఎన్నో ఉన్నాయి. సింగపూరు నుంచో గల్ఫ్ నుంచో బంధువులు తెచ్చిన యాషికా ఎలక్ట్రో 35 వంటివి అవే. 1966లో మొదలైన ఈ వరుస కెమెరాలకు 45 మి.మీ. ఎఫ్ 1.7 లెన్సు ఉంటుంది. ఎపర్చరు మనం పెడితే వేగం అదే చూసుకుంటుంది. అది వాడిన పాదరసపు బ్యాటరీ ఇప్పుడు దొరకదు గాని, చిన్న అడాప్టరుతో ఆరు వోల్టుల బ్యాటరీ పెట్టి నడిపించవచ్చు. బ్యాటరీ లేకపోతే మాత్రం ఒక్క అయిదు వందలో వంతు వేగమే పనిచేస్తుంది. 1972 నాటి కేననెట్ క్యూఎల్17 జీ3 బ్యాటరీ లేకుండా కూడా అన్ని వేగాలతో తీస్తుంది, వెలుతురు లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. ఈ రెంటిలోనూ షట్టరు లెన్సులోనే ఉంటుంది కాబట్టి ఏ వేగంలోనైనా ఫ్లాష్ వాడవచ్చు. ఇంట్లోనే ఇటువంటిది ఉన్నవారు కొత్తది కొనకముందు దానికి ఒక రీలు వేసి చూడాలి.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. పాత రేంజ్‌ఫైండర్‌లో మొదట పాడయ్యేది ఆ రెండు బింబాల కలయికే, కాబట్టి కొనేవారు ఎక్కువ సమయం దానికే ఇవ్వాలి. లెన్సును అనంతానికి (అన్నిటికంటే దూరపు గుర్తుకు) తిప్పి, చంద్రుడి వైపు చూడాలి. రెండు చంద్రులు కనిపించినా, ఒకటి మరొకదానికి కాస్త పైన కనిపించినా ఆ కెమెరా సర్వీసింగుకు వెళ్ళవలసిందే. చంద్రుడు లేని రోజు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి, దూరాన కనిపించే సెల్ టవరు మీద చూసినా చాలు. దగ్గరి దూరానికి మీ పత్రికనే వాడుకోవచ్చు: ఒక పేజీని గోడకు అంటించి, ఏటవాలుగా నిలబడి, ఎపర్చరు పూర్తిగా తెరిచి, మధ్యలోని ఒక శీర్షిక మీద ఫోకసు పెట్టి తీయాలి. నెగటివులో ఆ శీర్షికే స్పష్టంగా పడిందా, దాని ముందుదో వెనకదో పడిందా అన్నది భూతద్దంతో చూస్తే తెలిసిపోతుంది. ఒక్క రీలు ఖర్చుతో లెన్సు సంగతీ బాడీ సంగతీ రెండూ తేలతాయి.

గుడ్డ షట్టరు ఉన్న కెమెరాలను మన ప్రాంతంలో మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. అద్దం లేనందువల్ల, మూత తీసిన లెన్సు సూర్యుడి వైపు తిరిగి ఉంటే ఆ వెలుగంతా తిన్నగా గుడ్డ మీదే పడి దాన్ని కాలుస్తుంది. కొనేముందు లెన్సు విప్పి, చీకటి గదిలో గుడ్డ వెనక నుంచి టార్చి వేస్తే సూది మొన అంత కన్నమైనా కనిపిస్తుంది. కొన్న తర్వాత బ్యారేజీ మీదో పుష్కర ఘాట్లలోనో కెమెరాను మెడలో వేలాడదీసుకు తిరిగేటప్పుడు మూత పెట్టాలి, లేదా ఎపర్చరు పూర్తిగా మూసి ఉంచాలి. కేనన్ పి షట్టరు పలుచని ఉక్కు రేకు. అది కాలదు, కాని వేలు తగిలితే నలుగుతుంది. కాస్త నలిగిన రేకు చాలా సందర్భాల్లో పనికి అడ్డు రాదు, దాన్ని చూసి మంచి కెమెరాను వదులుకోనక్కరలేదు.

లెన్సును టార్చి వెలుతురులో రెండు వైపుల నుంచీ చూడాలి. కృష్ణ ఒడ్డున తేమకు లెన్సుల్లో ఫంగస్ త్వరగా పడుతుంది. అంచుల నుంచి సాలెగూడు పోగుల్లా లోపలికి పాకుతుంది. మొదట్లో తుడిపిస్తే పోతుంది, ముదిరితే అద్దం మీది పూతను తినేసి మచ్చ మిగులుస్తుంది. కేనన్ 50 మి.మీ. ఎఫ్ 1.8 వంటి కొన్ని మంచి లెన్సుల్లో ఎపర్చరు వెనక ఉన్న అద్దానికి మసక పట్టడం తరచూ చూస్తాం. అటువంటి లెన్సు చౌకగా వచ్చినా తీసుకోకపోవడం మంచిది. తోలు సంచీలు తేమను పీలుస్తాయి కాబట్టి లెన్సును వాటిలో దాచకూడదు. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బా చాలు.

రంగుల గురించి రాయకపోతే గుంటూరువాడిగా నా లేఖ పూర్తి కాదు. మిర్చి యార్డులో నలుపు తెలుపు ఫిలింతో తీయాలనుకునేవారికి రేంజ్‌ఫైండర్ చేసే మేలు ఇంకెక్కడా అంత బాగా కనిపించదు. కంటికి మండిపోతున్నట్టు కనిపించే ఎండుమిర్చి కుప్ప ఫిల్టరు (లెన్సు ముందు బిగించే రంగు గాజు) లేకుండా తీస్తే మధ్యరకం బూడిద రంగులో పడి, పక్కనున్న గోనెసంచుల్లో కలిసిపోతుంది. ఎర్ర ఫిల్టరు వేస్తే మిర్చి తెల్లగా తేలుతుంది. ఆకుపచ్చ ఫిల్టరు వేస్తే ముదురుగా దిగి, కాయ మీది ముడతలూ మెరుపూ కనిపిస్తాయి. ముదురు ఎర్ర ఫిల్టరు వేసిన ఎస్సెల్లార్‌లో చూస్తే అంతా చీకటి ఎరుపే. రేంజ్‌ఫైండర్ కిటికీకి ఫిల్టరుతో సంబంధం లేదు కాబట్టి కూలీల ముఖాలు మామూలు వెలుతురులోనే కనిపిస్తాయి. ఎర్ర ఫిల్టరుకు ఎనిమిదింతల వెలుతురు కావాలి, పసుపు ఫిల్టరుకు రెండింతలు చాలు. లోపల మీటరు లేని కెమెరాల్లో ఆ లెక్క మనమే కలుపుకోవాలి. యార్డులో లెన్సు మాత్రం మార్చకూడదు, ఆ కారపు ధూళి లోపలికి పోతే ఫిలిం మీద గీతలు పడతాయి. వాడనప్పుడు లోపలికి నెట్టే, లైకా వారి పాత ఎల్మార్ వంటి లెన్సులు కూడా అక్కడ తగవు, ప్రతిసారీ ఆ దుమ్మును లోపలికి లాక్కుంటాయి.

నన్ను ఒక్క జోడీ చెప్పమంటే, 50 మి.మీ. చూపు ఉన్నవారికి కేనన్ పి మీద మసక లేని 50 ఎఫ్ 1.8 అనీ, 35 వారికి బెస్సా ఆర్2ఎ మీద కలర్ స్కోపార్ అనీ చెబుతాను. డబ్బు ఉన్నవారు లైకా కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, అది తరతరాలు నిలిచే యంత్రం. అయితే బాడీకి ఉన్నదంతా పోసి లెన్సు దగ్గర రాజీపడితే ఆ రాజీ ప్రతి నెగటివులోనూ కనిపిస్తుంది. ధరలో కొంత భాగాన్ని సర్వీసింగుకు ముందే పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే రేంజ్‌ఫైండర్ సరిచేయగల చేతులు మన పట్టణాల్లో బాగా తగ్గిపోయాయి. తరచూ పెద్ద నగరాలకు పంపవలసి వస్తోంది.

ఈ చివరి విషయంలో మీ పత్రిక సాయం కోరుతున్నాను. ఒకప్పుడు గవర్నరుపేటలో, అరండల్‌పేటలో షట్టర్లు విప్పి బిగించిన మెకానిక్కుల్లో ఇంకా పని చేయగలిగినవారు ఎవరెవరున్నారో, నలుపు తెలుపు రీళ్ళు కడిగే స్టూడియోలు ఎక్కడెక్కడ మిగిలాయో మీ విలేఖరులు వాకబు చేసి, వారి అనుమతితో జిల్లా పేజీలో ప్రచురిస్తే ఈ పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది. అలాగే, పెద్దల కెమెరాలను పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేముందు ఒక్కసారి తెలిసినవారికి చూపించమని పాఠకులకు మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత స్టూడియో ఫొటోగ్రాఫరు,
బ్రాడీపేట, గుంటూరు.